మంచానికి బీమా, మందుకు జేబు



2025 జూలై 14న ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి గారు సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో కొత్త రేషను కార్డుల పంపిణీని ప్రారంభించారు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలకు అది బియ్యం తెచ్చిపెట్టే కార్డు. అయితే ఆ కార్డుకు మరొక ప్రయోజనం కూడా ఉన్నది. ఆరోగ్యశ్రీకి అర్హత ఇచ్చేది కూడా ఆ కార్డే. అంటే ఇంట్లో ఒకరికి గుండె ఆపరేషను అవసరమైనప్పుడు ఆసుపత్రి తలుపు తెరిచే కార్డు అది.

"మరి కార్డు ఉన్నది కదా, ఇక మందుల ఖర్చు మనకెందుకు?" అని కొందరు పెద్దలు అడుగుతుంటారు. వారి సందేహం న్యాయమైనదే. కార్డు చేతిలో ఉన్నా నెలనెలా మెడికల్ షాపులో డబ్బు కట్టక తప్పడం లేదు. ప్రైవేటు బీమా కట్టే కుటుంబాలదీ ఇదే మాట. ఇలా ఎందుకు జరుగుతున్నదో, మన చేతిలో ఉన్న ఉపాయాలేమిటో ఈ వారం పాఠంలో తెలుసుకుందాం. కాగితం, కలం దగ్గర పెట్టుకొని చదవండి. ఇంట్లో మందులు వాడే పెద్దవారుంటే వారికి వినిపించండి.

1. డబ్బు ఎక్కడ పోతున్నది?

వైద్యం ఖర్చు అనగానే మనకు ఆపరేషను, ఐ.సి.యు., లక్షల బిల్లు గుర్తుకు వస్తాయి. అవి భయపెట్టేవే. కాని చాలా ఇళ్లలో డబ్బు కారిపోయే చిల్లు వేరొక చోట ఉన్నది.

కేంద్ర ప్రభుత్వ జాతీయ నమూనా సర్వే వారు 2014లో దేశమంతటా ఇంటింటి లెక్కలు తీశారు. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యంలో పల్లెల్లో ప్రతి నూరు రూపాయలకు సుమారు 72 రూపాయలు, పట్టణాల్లో సుమారు 68 రూపాయలు ఒక్క మందులకే పోతున్నాయని అందులో తేలింది. డాక్టరు ఫీజు, పరీక్షలు మిగతా భాగం మాత్రమే.

ఇంకొక లెక్క చూడండి. దేశంలో ఆరోగ్యానికయ్యే మొత్తం ఖర్చులో ప్రజలు నేరుగా తమ జేబు నుండి పెట్టినది 2013-14లో 64.2 శాతం. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. ఇది సంతోషించవలసిన విషయమే. అయినా 2021-22లో సగటున తలకు 2,600 రూపాయలు జేబు ఖర్చు అయింది. ఐదుగురున్న ఇంటికి 13,000 రూపాయలన్నమాట. ఇది సగటు మాత్రమే. రోగం లేని ఇంటికి అంత కాదు. రోగం ఉన్న ఇంటికి దానికి ఎన్నో రెట్లు.

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రికి బి.పి., షుగరు. తల్లికి థైరాయిడు, మోకాళ్ల నొప్పి. ఇద్దరి మందులకూ కలిపి నెలకు 1,500 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 18,000 రూపాయలు, పదేళ్లకు 1,80,000 రూపాయలు. ఇది ఒక పెద్ద ఆపరేషనుకు సరిపోయే మొత్తం. అయినా ఎవరూ దీనిని పెద్ద ఖర్చుగా లెక్కపెట్టరు. కారణం, అది ఒక్కసారి కాక నెలకు కొంత చొప్పున చప్పుడు లేకుండా పోతున్నది. ఆపరేషనుకైతే బంధువులు సాయపడతారు. నెలనెలా మందులకు ఎవరు సాయపడతారు?

2. ఆరోగ్యశ్రీ ఏమి ఇస్తుంది?

ఆరోగ్యశ్రీ పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో అప్పటి నల్లగొండ జిల్లాకు వచ్చింది. అప్పుడు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే మరో 50 వేలు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి ఆ పరిమితిని 10 లక్షలకు పెంచారు.

ఈ పది లక్షల అంకె చూసి అన్ని రోగాలకు, అన్ని మందులకు అది వర్తిస్తుందని అనుకోరాదు. ఇది ఆసుపత్రిలో చేర్చుకొని చేసే చికిత్సలకు ఉద్దేశించిన పథకం. జాబితాలో ఉన్న జబ్బుకు, పథకంలో చేరిన ఆసుపత్రిలో చికిత్స జరగాలి. అప్పుడు పరీక్షలు, ఆపరేషను, మంచం, భోజనం, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మందులు అన్నీ ఉచితం. ఇంటికి పంపేటప్పుడు పది రోజుల మందులు కూడా ఇవ్వాలి. ఈ సంగతి తెలియక, ఆసుపత్రి నుండి బయటకు వచ్చీ రాగానే ఎదుటి షాపులో మందులు కొనేవారున్నారు. ఇంటికి పంపేటప్పుడు "పది రోజుల మందులు ఇచ్చారా?" అని ఆరోగ్యమిత్రను అడగండి. కొన్ని పెద్ద జబ్బులకు, ఆపరేషన్లకు ఆ తరువాత కూడా పరీక్షలు, మందులు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. మీ చికిత్సకు అది వర్తిస్తుందో లేదో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి. మీకు తెలియకపోతే ఫోనులో 104కు అడగవచ్చును.

పదకొండవ రోజు నుండి? అక్కడి నుండి మందు మన జేబుకు వస్తుంది. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు ఏళ్ల తరబడి మందులు మింగాలి. స్టెంటుకు ప్రభుత్వం కట్టింది. బిళ్ళకు మనం కట్టాలి. తేడా ఇక్కడే ఉన్నది.

మరొక మాట. ఈ పథకం కింద ఆసుపత్రులకు రావలసిన బకాయిల విషయమై 2025లో ప్రైవేటు ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన రోజులున్నాయి. కనుక అత్యవసరం కాని ఆపరేషనుకు బయలుదేరే ముందు, "ఈ చికిత్సకు మీ దగ్గర ఇప్పుడు ఆరోగ్యశ్రీ జరుగుతున్నదా?" అని ఆ ఆసుపత్రికి ఫోను చేసి కనుక్కోవడం మంచిది.

డెబ్బై ఏళ్లు దాటినవారికి కేంద్రం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్ పథకాన్ని వర్తింపజేసింది. దీనికి ఆదాయంతో పని లేదు. ఇంట్లోని ఆ వయసు వారందరికీ కలిపి ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స. ఆధార్ కార్డుతో నమోదు చేయించుకోవాలి. వివరాలకు 14555 నంబరు. ఇది కూడా ఆసుపత్రి చేరికకే.

3. ప్రైవేటు బీమా: చిన్న అక్షరాలు చదవండి

మనదేశంలో మెడిక్లెయిం అనే బీమా 1986లో ప్రభుత్వ కంపెనీల ద్వారా వచ్చింది. నేడు ఎన్నో కంపెనీలు, ఎన్నో పాలసీలు. అన్నింటిలో పోల్చి చూసుకోవడానికి వీలుగా, 2020 ఏప్రిల్ నుండి కంపెనీలన్నీ ఒకే షరతులతో అమ్మే "ఆరోగ్య సంజీవని" అనే పాలసీని బీమా నియంత్రణ సంస్థ తెచ్చింది. దానిని నమూనాగా పెట్టుకొని షరతులు నేర్చుకుందాం. కంపెనీ ఏదైనా ఈ మాటలే కనిపిస్తాయి.

మొదటిది: కనీసం 24 గంటలు ఆసుపత్రిలో చేరి ఉండాలి. కొన్ని చిన్న ఆపరేషన్లకు, డయాలిసిస్ వంటి వాటికి మాత్రమే మినహాయింపు. చేరడానికి ముందు 30 రోజులు, ఇంటికి వచ్చిన తరువాత 60 రోజులు ఆ జబ్బుకు సంబంధించిన మందుల బిల్లులు, పరీక్షల బిల్లులు ఇస్తే డబ్బు తిరిగి వస్తుంది. చాలామంది ఈ బిల్లులు పారేసుకుంటారు. ఒక కవరులో దాచండి.

రెండవది: గది అద్దెకు హద్దు. బీమా మొత్తంలో రోజుకు 2 శాతం, అదీ 5,000 రూపాయలకు మించదు. రెండు లక్షల పాలసీ ఉన్నవారికి రోజుకు 4,000. ఇంతకంటె ఖరీదైన గది తీసుకుంటే అద్దెలోని తేడా మాత్రమే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషను ఖర్చు వంటివి కూడా అదే నిష్పత్తిలో కోసివేస్తారు. గది ఎంచుకునే ముందే ఈ లెక్క వేసుకోవాలి. మందులు, పరీక్షలు, శరీరంలో అమర్చే పరికరాల ఖర్చును మాత్రం ఈ విధంగా కోయరాదని నియమం ఉన్నది. బిల్లులో కోసి ఉంటే అడగండి.

మూడవది: మన వాటా. ఈ పాలసీలో ప్రతి క్లెయిములో 5 శాతం మనమే కట్టాలి. ఇతర పాలసీల్లో పెద్ద వయసు వారికి ఇంతకంటె ఎక్కువ వాటా ఉండవచ్చును.

నాలుగవది: ఆగవలసిన కాలం. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప మరి దేనికీ ఇవ్వరు. ముందే ఉన్న బి.పి., షుగరు వంటి వాటికి సంబంధించిన చికిత్సకు కంపెనీలు లోగడ నాలుగేళ్ల వరకు ఆగమనేవి. 2024 ఏప్రిల్ నుండి మూడేళ్లకు మించి ఆగమనరాదు. పాలసీ తెగకుండా ఐదేళ్లు కట్టిన తరువాత, మోసం రుజువైతే తప్ప, "ముందే రోగం ఉన్నదని చెప్పలేదు" అనే కారణంతో క్లెయిము తిరస్కరించరాదు. ఒక్క ఏడాది కట్టకుండా వదిలేస్తే ఈ కాలమంతా వృథా అయిపోవచ్చును.

అందువల్ల ఫారం నింపేటప్పుడు ఉన్న రోగాన్ని దాచకండి. "బి.పి. ఉన్నదని రాస్తే ప్రీమియం పెరుగుతుంది, రాయకండి" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ రోజు మిగిలే కొద్దిపాటి డబ్బు కోసం, రేపు లక్షల క్లెయిము పోగొట్టుకుంటారు. సంతకం మీది కనుక బాధ్యత కూడా మీదే.

ఒక ఊరట. సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమా ప్రీమియం మీద లోగడ 18 శాతం జి.ఎస్.టి. ఉండేది. పది వేల ప్రీమియానికి 1,800 రూపాయలు పన్ను. 2025 సెప్టెంబరు 22 నుండి ఆ పన్ను తీసివేశారు. మీ రసీదులో ఇంకా పన్ను కనిపిస్తే ఎందుకో అడగండి.

క్లెయిము అన్యాయంగా తిరస్కరించారని అనిపిస్తే ఏడుస్తూ కూర్చోనక్కరలేదు. మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చును. ఫీజు లేదు, వకీలుతో పని లేదు. తిరస్కరించిన ఏడాదిలోగా రాయాలి.

ఇంత చదివిన తరువాత గమనించారా? ఆరోగ్యశ్రీ అయినా, ఆయుష్మాన్ అయినా, ప్రైవేటు పాలసీ అయినా, అన్నీ ప్రధానంగా ఆసుపత్రి మంచం చుట్టే తిరుగుతున్నాయి. ప్రతి ఉదయం మింగే బిళ్ళను ఏవీ పట్టించుకోవు. బి.పి. బిళ్ళకు డబ్బు లేక మానేసిన మనిషికి బీమా సాయం చేయదు. ఆయనకు పక్షవాతం వచ్చి మంచాన పడిన తరువాత చేస్తుంది!

4. ప్రమాదకరమైన పొదుపు

డబ్బు చాలనప్పుడు మన ఇళ్లలో జరిగేది ఏమిటి? పిల్లల ఫీజు ఆపలేము. మిత్తి కట్టడం ఆపలేము. కనుక తల్లి తన మందు ఆపేస్తుంది. "ఇప్పుడు బాగానే ఉన్నది" అంటుంది. ఈ పొదుపు నాలుగు రూపాల్లో వస్తుంది: రోజు విడిచి రోజు వేసుకోవడం, బిళ్ళను విరిచి సగం మింగడం, పక్కింటివారి బిళ్ళలు బదులు తెచ్చుకోవడం, బి.పి. అదుపులోకి రాగానే పూర్తిగా మానేయడం.

బి.పి. నొప్పి పుట్టించదు. మందు మానేసిన మర్నాడు ఏమీ కాదు. అందుకే మోసపోతాం. కాని లోపల గుండె, మెదడు, మూత్రపిండాలు దెబ్బ తింటూనే ఉంటాయి. షుగరు కూడా అంతే. కళ్లను, పాదాలను, మూత్రపిండాలను మెల్లగా తినివేస్తుంది. మందు వేసుకుంటున్నందువల్లనే బి.పి. అదుపులో ఉన్నది. మానేస్తే మళ్లీ పెరుగుతుంది. మందు తగ్గించాలన్నా, మార్చాలన్నా, ఆపాలన్నా డాక్టరు చెప్పాలి. మన జేబు చెప్పరాదు.

ఇంట్లో వారు అడగనిదే పెద్దలు ఈ సంగతి చెప్పరు. "అమ్మా, ఈ నెల మందులు తెచ్చుకున్నావా?" అని అడగండి. షీటులో ఎన్ని బిళ్ళలు మిగిలాయో మీరే చూడండి.

5. మందుకు రెండు పేర్లు

ప్రతి మందుకు ఒక అసలు పేరు, ఒక కంపెనీ పేరు ఉంటాయి. జ్వరానికి వేసుకునే క్రోసిన్, డోలో, కాల్‌పాల్ అన్నీ కంపెనీ పేర్లే. లోపలి మందు పారాసిటమాల్. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, బి.పి.కి ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, కొవ్వుకు అటోర్వాస్టాటిన్. ఇవి అసలు పేర్లు. షీటు వెనుక చిన్న అక్షరాల్లో ఈ పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. ఆ పేరును, ఆ అంకెను ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఇదే ఈ పాఠంలోని మొదటి ఇంటిపని.

ఒకే మందును అనేక కంపెనీలు వేర్వేరు ధరలకు అమ్ముతాయి. 1970 పేటెంటు చట్టం వల్ల మన కంపెనీలు మందులను తమ సొంత పద్ధతిలో చౌకగా తయారుచేయడం నేర్చుకున్నాయి. హైదరాబాదులో ప్రభుత్వం స్థాపించిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారం ఎందరికో ఈ విద్య నేర్పింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి గారు తరువాత 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు. నేడు హైదరాబాదు చుట్టుపక్కల తయారయ్యే మందులు అమెరికా దాకా పోతున్నాయి. అంత దగ్గర తయారయ్యే మందు తిరుమలగిరిలోని ఒక ముసలమ్మకు భారమైతే, దానికి కారణం తయారీ ఖర్చు ఒక్కటే కాదు. పేరుకు, ప్రచారానికి, మధ్యవారి లాభానికి కూడా ఆమె కడుతున్నది.

అసలు పేరుతో చౌకగా అమ్మేందుకే కేంద్రం 2008 నవంబరులో జన ఔషధి దుకాణాలను అమృత్‌సర్‌లో మొదలుపెట్టింది. 2025 ఆరంభానికి దేశంలో ఇవి 15,000కు చేరాయి. పేరున్న కంపెనీ మందుతో పోలిస్తే ధర సగం, కొన్నిసార్లు ఐదవ వంతు కూడా ఉంటుంది. మందులకని పట్టణానికి పోయినప్పుడు దగ్గరలో ఈ దుకాణం ఎక్కడున్నదో అడిగి, మీ చిన్న పుస్తకం చూపించి ధర కనుక్కోండి. నెలకు 1,500 ఖర్చయ్యే ఇంట్లో అందులో సగం మిగిలినా ఏడాదికి 9,000 రూపాయలు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. డాక్టరు కంపెనీ పేరుతో రాసిన చీటీకి బదులుగా షాపువారు తమంతట తాము వేరే కంపెనీ మందు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. కనుక చీటీ రాసేటప్పుడే "అయ్యా, అసలు పేరు కూడా రాయండి, జన ఔషధిలో తెచ్చుకుంటాము" అని డాక్టరును మర్యాదగా అడగాలి. డాక్టర్లు జనరిక్ పేరును స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016 నుండి వారి నియమావళిలోనే ఉన్నది. 2023 ఆగస్టులో మరింత గట్టి నియమం తెచ్చి కొన్ని రోజులకే నిలిపివేశారు గాని, పాత నియమం అలాగే ఉన్నది. అడగడం మీ హక్కు. సిగ్గుపడవలసిన పని లేదు.

రెండవ జాగ్రత్త: మామూలు షాపులో "ఇది జనరిక్" అని ఇచ్చినంత మాత్రాన చౌక అనుకోరాదు. కొన్ని జనరిక్ మందుల మీద కూడా పెద్ద ధరే అచ్చు వేసి ఉంటుంది. షాపువారికి అవి తక్కువకే వస్తాయి. తేడా లాభం వారిది. ధర పోల్చి అడగండి.

నాణ్యత గురించి భయం ఉండడం సహజం. 2024లో మన రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు సుద్దపొడితో చేసిన నకిలీ బిళ్ళలను పట్టుకున్నారు. నకిలీలు చేసేవారు పేరున్న మందులను కూడా అనుకరిస్తారు. కనుక ఖరీదైన మందే అసలైనదని నమ్మరాదు. లైసెన్సు ఉన్న షాపులో కొనడం, బ్యాచ్ నంబరు రాసిన బిల్లు తీసుకోవడం, గడువు తేదీ చూడడం అన్నింటికీ మంచిది.

6. ధర ఎవరు నిర్ణయిస్తారు?

1997లో ఏర్పడిన జాతీయ ఔషధ ధరల సంస్థ ఈ పని చేస్తుంది. 2013 ఉత్తర్వు ప్రకారం, అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి గరిష్ఠ ధర కడుతుంది. 2022 జాబితాలో 384 మందులున్నాయి. పైన చెప్పిన బి.పి., షుగరు మందులు ఇందులో ఉన్నాయి. మార్కెట్టులో ముఖ్యమైన కంపెనీల ధరల సగటు తీసి, దానికి షాపువారి లాభం 16 శాతం కలిపి హద్దు నిర్ణయిస్తారు. ఏటా టోకు ధరల పెరుగుదలను బట్టి దీనిని సవరిస్తారు. 2023లో 12.12 శాతం పెంచుకోనిచ్చారు. 2025లో 1.74 శాతమే.

జాబితాలో లేని మందులకు మొదటి ధర చాలావరకు కంపెనీ ఇష్టం. తరువాత ఏడాదికి 10 శాతానికి మించి పెంచరాదు. ఇందులో ఒక కిటుకు ఉన్నది. రెండు మందులు విడివిడిగా జాబితాలో ఉన్నా, ఆ రెండూ కలిపి చేసిన ఒకే బిళ్ళ చాలావరకు జాబితాలో ఉండదు. "రెండూ విడిగా వేసుకుంటే తక్కువ అవుతుందా?" అని డాక్టరును అడిగి చూడండి. కొందరికి కలిపిన బిళ్ళే మేలు కావచ్చును. నిర్ణయం ఆయనది, అడగడం మీ వంతు.

2025 సెప్టెంబరు 22 నుండి చాలా మందుల మీద జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. షీటు మీద అచ్చయిన ధర కంటె ఎక్కువ ఎవరైనా అడిగితే 1800 111 255 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చును.

7. సర్కారు దవాఖానాను మరువకండి

బి.పి., షుగరు రోగులకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష, మందులు ఉచితం. మీ ఊరి ఆశా కార్యకర్తకు పేరు రాయించండి. అన్ని నెలలూ అన్ని మందులూ దొరుకుతాయని చెప్పలేము. దొరికినవి అక్కడ తీసుకొని దొరకనివి మాత్రమే కొన్నా ఖర్చు బాగా తగ్గుతుంది. 2019 నుండి సూర్యాపేట, నల్లగొండల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. వాటి ఆసుపత్రుల్లో పెద్ద డాక్టర్లకు చూపించుకోవచ్చును.

తమిళనాడు 1995 నుండి ఒక ప్రత్యేక సంస్థ ద్వారా మందులు టోకున కొని సర్కారు దవాఖానాల్లో ఉచితంగా పంచుతూ దేశానికి దారి చూపింది. రాజస్థాన్ 2011లో ఆ బాట పట్టింది. మందు లేదని చెప్పినప్పుడు ఊరకే తిరిగి రాకుండా, ఏ మందు ఎన్ని నెలలుగా లేదో రాసి పదిమంది సంతకాలతో వైద్యాధికారికి ఇవ్వండి. అడగనివారికి కొరత ఉన్నట్లు లెక్కలో ఉండదు.

అమెరికాలో పిల్లలున్నవారు ఒక విషయం విని ఉంటారు. అక్కడ వృద్ధుల ప్రభుత్వ బీమాలో మందుల పథకం తీసుకున్నవారు ఏడాదికి జేబు నుండి 2,000 డాలర్లకు మించి మందులకు కట్టనక్కరలేదని 2025 జనవరి నుండి హద్దు పెట్టారు. 2026కు అది 2,100 డాలర్లు. అక్కడి మందుల ధరలతో మనకు పోలిక లేదు. కాని ఆ ఆలోచన గమనించదగినది. అక్కడ హద్దు రోగి జేబుకు పెట్టారు. మన దగ్గర హద్దు బీమా ఇచ్చే సొమ్ముకు పెట్టారు. రోగి ఎంతవరకు భరించాలనే దానికి మన దగ్గర ఇంకా హద్దు లేదు. ఓటు అడగడానికి వచ్చేవారిని ఈ ప్రశ్న అడగవచ్చును.

8. ఈ నెలలో చేయవలసిన పనులు

(అ) ఇంట్లోని ప్రతి మందు అసలు పేరు, మిల్లీగ్రాములు, నెల ఖర్చు ఒక పుస్తకంలో రాయండి.

(ఆ) ఏ మందు ఎందుకు వాడుతున్నారో డాక్టరును అడగండి. అవసరం లేని టానిక్కులు, నీరసానికి ఎక్కించుకునే సెలైన్లు మానితే ఆ డబ్బు అసలు మందుకు వస్తుంది.

(ఇ) రేషను కార్డులో ఇంటివారందరి పేర్లున్నాయో, ఆధార్‌లో పేర్లు సరిపోతున్నాయో చూడండి. ఆపద వచ్చిన రాత్రి సరిచేయించడం కష్టం.

(ఈ) ప్రైవేటు పాలసీ ఉంటే గది అద్దె, మన వాటా, ఆగవలసిన కాలం అనే మూడు మాటలు అందులో వెదికి గీత గీయండి. కాగితాలు ఎక్కడున్నాయో భార్యాభర్తలిద్దరికీ తెలియాలి.

(ఉ) నెల జీతమో, పంట డబ్బో రాగానే మందుల సొమ్ము ముందుగా తీసి పక్కన పెట్టండి. మిగిలితే మందు అనుకోకండి.

ఈ పనులు చదువు రానివారికి కష్టం. విచారణలో కాలేజీ చదివే పిల్లలు, నర్సులు, టీచర్లు ఎందరో ఉన్నారు. ఆదివారం పూజ తరువాత ఒక అరగంట కూర్చొని పెద్దల మందుల చీటీలు చూసి పుస్తకంలో రాసిపెడితే, దానికి ఖర్చేమీ లేదు. పట్టణానికి వెళ్లే ఒకరు నలుగురి మందులు తెస్తే బస్సు చార్జీలు కూడా మిగులుతాయి.

కుటుంబంలో చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. మన ఇంట్లో పోయిన ఏడాది మందులకు ఎంత ఖర్చయింది? ఎవరికైనా తెలుసా?

2. డబ్బు లేక మందు మానేసినవారు మన ఇంట్లో, మన వాడలో ఎవరున్నారు?

3. ఆసుపత్రిలో చేరవలసి వస్తే మనకు వర్తించే పథకం ఏది? ఎవరికి ఫోను చేయాలి?

4. మన ఆరోగ్య కేంద్రంలో ఏ మందులు దొరుకుతున్నాయి, ఏవి దొరకడం లేదు?

రెండవ ప్రశ్నకు జవాబుగా ఒక పేరు దొరికితే, వచ్చే ఆదివారం దాకా ఆగకండి. ఈ సాయంత్రమే వెళ్లి ఆ మందుల షీటు చూసి రండి.